మినీ పామ్, డబుల్ కోట్, బుల్లీ: కుక్కల పేర్ల వెనక అసలు సంగతి

మన ఊళ్ళలో ‘పమేరియన్’ అని పిలిచే తెల్లటి బొచ్చు కుక్కల్లో చాలావరకు పమేరియన్లు కావు. అవి ఇండియన్ స్పిట్జ్‌లు. కుక్కల జాతులను నమోదు చేసే అమెరికన్ కెనెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం పమేరియన్ బరువు 3 నుంచి 7 పౌండ్లు, అంటే సుమారు 1.4 నుంచి 3.2 కిలోలు. మన వీధుల్లో గేటు వెనక నుంచి అరిచే ‘పమేరియన్’ను తూకం వేస్తే చాలాసార్లు 6 కిలోల నుంచి 10 కిలోల దాకా తేలుతుంది, ఇంకా ఎక్కువ ఉన్నవీ కనిపిస్తాయి. వేడిని కాస్త తట్టుకుంటుంది, పెరుగన్నం తిని బతికేస్తుంది, జబ్బులు తక్కువ. ఒక రకంగా చూస్తే మన వాతావరణానికి అసలు పమేరియన్ కంటే ఇదే మేలైన కుక్క.

పేరు తప్పయినా దాని వెనక ఒక చరిత్ర ఉంది. స్పిట్జ్ కుక్కలు మొదట పెద్దవే. బాల్టిక్ సముద్రపు ఒడ్డున, నేటి జర్మనీ, పోలండ్‌లలో ఉన్న పొమెరేనియా ప్రాంతం పేరు వాటికి అంటుకుంది. 1888లో విక్టోరియా రాణి ఫ్లోరెన్స్ నుంచి తెచ్చుకున్న మార్కో అనే పామ్ (పమేరియన్‌కు పొట్టి పేరు) బరువు 12 పౌండ్లని రికార్డు. ఐదున్నర కిలోలకు దగ్గర. దాన్ని చూసి చిన్న పామ్‌ల మోజు పెరిగాకే బ్రిటన్‌లో బ్రీడర్లు తరం తరానికీ సైజు తగ్గిస్తూ వచ్చారు. ఇప్పటికీ కెనెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ లెక్కలో పమేరియన్ విడి జాతి కాదు, జర్మన్ స్పిట్జ్ ఐదు సైజుల్లో అన్నిటికన్నా చిన్నది. భుజం దగ్గర ఎత్తు 18 నుంచి 24 సెంటీమీటర్లు. దాని పైమెట్టు మినియేచర్ స్పిట్జ్, 24 నుంచి 30. అలాంటప్పుడు మన పెద్దవాళ్ళు పెద్ద స్పిట్జ్‌ను పమేరియన్ అన్నారని నవ్వాల్సిన పనేమీ లేదు. ఇబ్బంది మొదలైంది అసలు చిన్న పామ్‌లు మార్కెట్‌లోకి వచ్చాక. పాత పేరు అప్పటికే వేరే కుక్కకు స్థిరపడిపోయింది కాబట్టి కొత్తదానికి కొత్త పేర్లు కావాల్సి వచ్చాయి: టాయ్ పామ్, మినీ పామ్, కల్చర్ పామ్, టెడ్డీ ఫేస్, టీకప్.

వీటిలో ఏదీ కెనెల్ క్లబ్ పుస్తకంలో ఉండే జాతి పేరు కాదు. ‘టాయ్’ అనే మాటకు మాత్రం ఒక అర్థం ఉంది, అది సైజు తరగతి. ‘కల్చర్ పామ్’ పూర్తిగా మన దేశపు వ్యాపార పదం. స్పిట్జ్ కంటే చిన్నది, అసలు పామ్ కంటే పెద్దది, ధరా ఆ రెంటికీ మధ్యన. అంటే ఇక్కడ పేరు చెబుతున్నది వంశం కాదు, ధర. ‘టీకప్’ అంటే ఒకే ఈతలో పుట్టిన బలహీనమైన పిల్ల కావచ్చు, లేదా ఇంకా వయసు చాలని పిల్ల కావచ్చు.

ఈ వయసు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. అసలు పామ్ పిల్ల 8 వారాలకు సాధారణంగా కిలో లోపే ఉంటుంది. నెల రోజుల స్పిట్జ్ పిల్ల కూడా దాదాపు అంతే తూగుతుంది, అంతే ముద్దుగా ఉంటుంది. నెల పిల్లను ‘రెండు నెలల మినీ పామ్’ అని చేతిలో పెడితే తూకంతో మోసం పట్టుకోలేం. పళ్ళు చూడాలి. ముందు పాలపళ్ళు 3, 4 వారాలకు చిగురు చీల్చుకుని వస్తాయి. 6 నుంచి 8 వారాలకు పాలపళ్ళు మొత్తం 28 దాదాపుగా వచ్చేసి ఉండాలి. పెదవి పైకెత్తితే ముందు పళ్ళు మొలకల్లా ఉండి, వెనక దవడలు బోసిగా ఉంటే ఆ పిల్లకు రెండు నెలలు నిండలేదు, అమ్మేవారు ఏం చెప్పినా సరే. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల సంతానోత్పత్తి, విక్రయ నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు కూడా. అయితే ఒక్క జాగ్రత్త: బొమ్మంత కుక్కల జాతుల్లో పళ్ళు కొంచెం ఆలస్యంగా వస్తాయి కాబట్టి, వారం అటూఇటూ తేడాకు గొడవపడక్కర్లేదు. నెల తేడా మాత్రం దాగదు.

ఆ తర్వాత జరిగేది ఇంకా పెద్ద తప్పు. ‘మినీ’ అని కొన్న పిల్ల నాలుగో నెలకే 4 కిలోలు దాటుతుంది. ఎక్కువ తింటోంది కాబట్టే పెరుగుతోందని యజమాని గిన్నెలో కోత పెడతారు. ఎముకలు పెరిగే వయసులో తిండి తగ్గిస్తే కుక్క మినీ అయిపోదు, కాళ్ళు వంకర పోవచ్చు, బొచ్చు రాలవచ్చు. సైజు జన్యువుల్లో ఉంది, గిన్నెలో కాదు. నిజంగానే చిన్న పామ్ అయితే కష్టం దీనికి తలకిందులుగా వస్తుంది: కొన్ని గంటలు తిండి పడకపోతే రక్తంలో చక్కెర పడిపోయి తూలుతుంది, వణుకుతుంది, పడిపోతుంది. మూడు నెలల లోపు పిల్లకు రోజుకు నాలుగుసార్లు పెట్టాలి. తూలుతున్నట్టు కనిపిస్తే చిగుళ్ళకు తేనె గానీ గ్లూకోజు గానీ రాసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అంటే ఒకే పేరున్న రెండు కుక్కలకు రెండు వేర్వేరు పద్ధతులు. పేరు చూసి పద్ధతి ఎంచుకుంటే రెంటికీ ముప్పే.

డబుల్ కోట్, సింగిల్ కోట్

జర్మన్ షెపర్డ్ కొనేవాళ్ళకు మొదట వినిపించే మాట ‘డబుల్ కోటా, సింగిల్ కోటా?’ బజారు భాషలో డబుల్ కోట్ అంటే పొడుగు బొచ్చు, ఎక్కువ ధర. సింగిల్ అంటే పొట్టి బొచ్చు. ప్రమాణ గ్రంథం చెప్పేది వేరు. ఎఫ్‌సీఐ ప్రమాణంలో రెండు రకాలున్నాయి, రెంటికీ పై బొచ్చు, దాని లోపల మెత్తటి రెండో పొర ఉంటాయి. పొడుగు రకాన్ని ప్రమాణంలోకి చేర్చుకున్నది 2010లో, అంతకు ముందు దాన్ని లోపంగానే లెక్కేసేవారు. అంటే ‘సింగిల్ కోట్’ అని తక్కువ ధరకు ఇచ్చిన షెపర్డ్‌కు కూడా లోపలి పొర ఉంది. ఇంట్లో చెక్ చేయడం తేలిక. నడుము దగ్గర బొచ్చును ఎదురు దిశలో విడదీసి చూస్తే చర్మానికి ఆనుకుని లేత రంగు దూది లాంటి పొర కనిపిస్తుంది. మన ఎండల్లో అది పల్చబడుతుంది కాబట్టి మే నెలలో చూసి లేదని తీర్మానించకూడదు.

ఈ తేడా తెలియకపోతే వచ్చే నష్టం వేసవిలో కనిపిస్తుంది. సింగిల్ కోటే కదా అని షెపర్డ్‌కు, స్పిట్జ్‌కు మిషన్‌తో గుండు కొట్టిస్తారు. లోపలి పొర త్వరగా వస్తుంది, పై బొచ్చు ఆలస్యంగా వస్తుంది, కొన్నింటికి మచ్చలు మచ్చలుగా అసలు రాదు. నీడనిచ్చే పైపొర పోయి చర్మం ఎండకు కాలుతుంది. గుండుకు బదులు వారానికి రెండు మూడుసార్లు పళ్ళ దువ్వెనతో లోపలి పొరను దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది.

అల్సేషియన్ అన్నా జర్మన్ షెపర్డ్ అన్నా ఒకటే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ‘జర్మన్’ అన్న మాట పలకడమే ఇష్టం లేక పేరు మార్చారు. అక్కడి కెనెల్ క్లబ్ పాత పేరును తిరిగి అనుమతించింది 1977లో. బ్రిటిష్ వాళ్ళ పుస్తకాలు చదివిన మన తరం నోట అల్సేషియన్ నిలిచిపోయింది, అంతే. రెండూ వేర్వేరని, ఒకటి పాతకాలపు గట్టి రకమని ఎవరైనా చెబితే ఆ మాటకు డబ్బు ఇవ్వక్కర్లేదు.

‘గోల్డెన్ ల్యాబ్’ అని అడిగినప్పుడు మాత్రం ఎదుటివారికి రెండు కుక్కలు తట్టవచ్చు: పసుపు రంగు లాబ్రడార్, లేదా గోల్డెన్ రిట్రీవర్. తోక చూస్తే చాలు. లాబ్రడార్ తోక మొదట్లో లావుగా, పొట్టి దట్టమైన బొచ్చుతో నీటికుక్క (ఆటర్) తోకలా ఉంటుంది. రిట్రీవర్ తోక కింద కుచ్చులా పొడుగు వెంట్రుకలు వేలాడతాయి. లాబ్రడార్‌కు నలుపు, పసుపు, చాక్లెట్ మూడే రంగులు. ‘సిల్వర్ ల్యాబ్’ రంగు పల్చబడే జన్యువు వల్ల వచ్చేది. దాన్ని అరుదైనదని ఎక్కువ ధరకు అంటగడతారు, కానీ జాతి ప్రమాణంలో ఆ రంగు లేదు, పైగా అలాంటి పల్చటి రంగు కుక్కల్లో కొన్నింటికి బొచ్చు రాలే చర్మ సమస్య వస్తుంది.

పొడుగు బొచ్చు చిన్న కుక్కలు షిట్జూ, లాసా ఆప్సోల తికమక పాతదే. మూతి కొలిస్తే తేలిపోతుంది: లాసాకు ముక్కు కొస నుంచి కళ్ళ మధ్య దాకా సుమారు ఒకటిన్నర అంగుళాలు, షిట్జూకు ఒక్క అంగుళం. విమానంలో తీసుకెళ్ళాల్సి వస్తే మూతి పొట్టిదనం లెక్కకు వస్తుంది, ఎందుకంటే చాలా విమాన సంస్థలు చప్పిడి ముక్కు జాతుల విషయంలో కఠినంగా ఉంటాయి. పగ్‌ను ఇప్పటికీ పాత హచ్ ఫోన్ ప్రకటన గుర్తుతో ‘హచ్ కుక్క’ అనే ఇళ్ళున్నాయి. ఆ పేరు వల్ల ఎవరికీ నష్టం లేదు, ఆ ముద్దుపేరుతో ఇంకో కుక్క లేదు కాబట్టి.

బుల్లీ అంటే ఎవరు?

నష్టమున్న పేరు ‘బుల్లీ’. ఈ ఒక్క మాటకు కనీసం మూడు కుక్కలున్నాయి. ఒకటి అమెరికన్ బుల్లీ. పొట్టి కాళ్ళు, వెడల్పాటి ఛాతీ, పిట్‌బుల్ వంశం నుంచి వచ్చినదే, యునైటెడ్ కెనెల్ క్లబ్ గుర్తింపు ఇచ్చింది 2013లో. రెండోది బుల్లీ కుత్తా, పంజాబ్, సింధ్ ప్రాంతాల భారీ మాస్టిఫ్, మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు. మూడోది ఇంగ్లిష్ బుల్‌డాగ్, దాన్నీ ముద్దుగా బుల్లీ అనేస్తారు. సోఫాలో గురకపెట్టే బుల్‌డాగ్‌ను పెంచిన అనుభవంతో బుల్లీ కుత్తాను తెచ్చుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

పిట్‌బుల్ సంగతి ఇంకా చిక్కు. అదే రకం కుక్కను యునైటెడ్ కెనెల్ క్లబ్ 1898 నుంచే అమెరికన్ పిట్ బుల్ టెర్రియర్‌గా నమోదు చేస్తోంది. అమెరికన్ కెనెల్ క్లబ్ 1936లో దగ్గరి వంశాన్ని స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ పేరుతో తీసుకుని, 1972లో అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్‌గా (పొట్టిగా ఆమ్‌స్టాఫ్) మార్చింది. ఒకే కుక్కకు రెండు క్లబ్బుల్లో రెండు పేర్లతో కాగితాలున్న రోజులూ ఉన్నాయి. అందుకే ‘మాది పిట్‌బుల్ కాదండీ, ఆమ్‌స్టాఫ్’ అనేవారు అబద్ధం చెబుతున్నట్టూ కాదు, పూర్తిగా నిజం చెబుతున్నట్టూ కాదు.

ఈ చిక్కు చట్టంలోకి వెళితే ఎలా ఉంటుందో 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్థక శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ చూపించింది. ప్రమాదకరమైనవంటూ 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకాలను ఆపాలన్నది ఆ లేఖ. జాబితాలో ‘టోసా ఇను’ ఒకచోట, ‘జపనీస్ టోసా’ ఇంకోచోట ఉన్నాయి. రెండూ ఒకే కుక్క. బోర్‌బోల్ ఒకసారి విడిగా, మళ్ళీ మాస్టిఫ్‌ల పక్కన కుండలీకరణంలో ఇంకో స్పెల్లింగుతో వచ్చింది. అన్నిటికంటే విచిత్రం ‘టెర్రియర్లు’ అన్న ఒంటి మాట, అది ఎన్నో జాతులున్న వర్గం పేరు. అక్షరాలా తీసుకుంటే 3 కిలోల యార్క్‌షైర్ టెర్రియర్ కూడా ప్రమాదకర జాతే. టిబెటన్ టెర్రియర్ అయితే వంశం చేత టెర్రియరే కాదు, ఐరోపా వాళ్ళు పెట్టిన పేరు మాత్రమే దాన్ని ఇరికిస్తుంది. అమెరికన్ బుల్లీ పేరు ఆ జాబితాలో లేదు. సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్నది ప్రధాన కారణంగా కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వును కొట్టేసింది.

ఇంగ్లండ్‌లో దారి వేరు. అక్కడ 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు పత్రం లేకుండా ఎక్స్‌ఎల్ బుల్లీని (అమెరికన్ బుల్లీల్లో పెద్ద సైజు రకం) ఉంచుకోవడం నేరం. అధికారులు చూసేది అమ్మినవారు పెట్టిన పేరును కాదు, కొలతను: భుజం దగ్గర మగదానికి 51, ఆడదానికి 48 సెంటీమీటర్లు, ఆపైన తల, ఛాతీ లక్షణాలు. తల్లిదండ్రులు వేరే జాతులైనా కొలతకు సరిపోతే చట్టం వర్తిస్తుంది. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ ‘పాకెట్ బుల్లీ’ (చిన్న సైజు రకం) అని కొన్న తెలుగువాళ్ళు ఈ విషయం గమనించాలి. అమెరికన్ బుల్లీ క్లబ్ ప్రమాణంలో పాకెట్ మగకుక్క 14 నుంచి 17 అంగుళాల మధ్య ఉండాలి. అమ్మినప్పుడు పాకెట్ అన్నది ఏడాదిన్నర తర్వాత 20 అంగుళాలు దాటితే, పేరు ఆదుకోదు.

మన జాతులకు ఊరిపేర్లే

దేశవాళీ కుక్కల గందరగోళానికి కారణం వేరు. వీటికి ఎక్కువగా ఊరిపేరే జాతి పేరు. రాజపాళయం, చిప్పిపారై, కొంబై తమిళనాడు ఊళ్ళు, ముధోల్ కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాలోది. ఆ ఊళ్ళో దొరికే ప్రతి కుక్కా ఆ జాతి కాదు, ఆ జాతి కుక్క ఆ ఊళ్ళోనే ఉండాలనీ లేదు. తెల్లగా, పొడుగ్గా, ముక్కు గులాబీ రంగులో ఉంటే చాలు రాజపాళయం అని అమ్మేస్తారు. అసలు రాజపాళయమే అయినా చూసుకోవాల్సింది వినికిడి: రంగు లేమితో పాటు చెవిటితనం వచ్చే జాతి ఇది. పిల్లను మిగతావాటి నుంచి విడదీసి, దానికి కనపడకుండా వెనక నిలబడి తాళంచెవులు ఆడించాలి. గాలి తగిలేలా చప్పట్లు కొట్టకూడదు, స్పర్శకు తిరిగి చూసి మోసం చేస్తుంది. ఒక చెవే పనిచేయకపోతే ఈ పరీక్షలో దొరకదు, దానికి ఆసుపత్రి పరీక్షే కావాలి.

చిప్పిపారైకి, కన్నికి తేడా ప్రధానంగా రంగు. రెండూ సన్నటి నడుము, లోతైన ఛాతీ ఉన్న వేటకుక్కలే. నల్లటి ఒంటిమీద కనుబొమల దగ్గర, మూతికి, కాళ్ళకు గోధుమరంగు మచ్చలుంటే కరుం కన్ని. పాలమీగడ రంగుదైతే పాల్ కన్ని. మిగతా ఒంటిరంగు కుక్కలు చిప్పిపారై. కొందరు పెంపకందారులు ఇవి రెండూ ఒకటే అంటారు, ఆ వాదన తేలలేదు. ముధోల్ హౌండ్‌నే కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కారవాన్ హౌండ్ పేరుతో నమోదు చేస్తుంది, కాబట్టి కాగితం మీద వేరే పేరు చూసి కంగారు పడక్కర్లేదు. కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యు వనరుల బ్యూరో రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ హౌండ్‌లను అధికారికంగా నమోదు చేసింది.

మన ప్రాంతపు కుక్కల సంగతికొస్తే కొల్లేటి చుట్టుపక్కల బాతుల మందలు కాసిన జోనంగి ఉంది. కొల్లేటి జాగిలం అన్నా ఇదే. పొట్టి నున్నటి బొచ్చు, నుదుటి మీద ముడతలు, మామూలు మొరుగుడు కాకుండా రాగం తీసినట్టుండే గొంతు. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గరి పందికోన పేరుతో ఇంకో కాపలా కుక్క ఉంది. ఈ రెండూ కొనాలనుకునేవారికి ఆధారపడటానికి గట్టి వంశావళి పుస్తకం లేదు. పొడుగు కాళ్ళ ఊరకుక్క ఏదైనా ‘ఒరిజినల్ పందికోన’ కావడానికి ఒక్క ప్రకటన చాలు. తల్లిదండ్రులను, వీలైతే ముందు ఈత పిల్లలను చూడకుండా డబ్బు ఇవ్వకూడదన్నది ఇక్కడ ఒక్కటే రక్షణ.

డాక్టరు దగ్గర పేరు ఎందుకు

పశువైద్యుడు జాతి అడిగేది ఫారం నింపడానికి మాత్రమే కాదు. గొర్రెలు కాసే కోలీ, షెల్టీ వంశాల్లో చాలా కుక్కలకు ఎండీఆర్1 అనే జన్యు లోపం ఉంటుంది. మెదడులోకి మందు చేరకుండా అడ్డుకునే ప్రొటీన్ వాటిలో పనిచేయదు. మనదగ్గర గజ్జికి, గోమార్లకు విరివిగా వాడే ఐవర్‌మెక్టిన్ అలాంటి కుక్కకు ఎక్కువ మోతాదులో విషం. గుండెపురుగు రాకుండా ఇచ్చే మోతాదు కిలోకు సుమారు 6 మైక్రోగ్రాములు, అది సరిపడుతుంది. గజ్జికి ఇచ్చేది కిలోకు 300 నుంచి 600. ఆ మోతాదుకు లోపమున్న కుక్క తూలడం, చొంగ కార్చడం, కంటిపాపలు పెద్దవై చూపు పోవడం, చివరికి స్పృహ తప్పడం దాకా వెళుతుంది. పశువుల కోసం అమ్మే ఇంజెక్షన్‌లో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుంటుంది. 10 కిలోల కుక్కకు గజ్జి మోతాదే 0.3 మిల్లీలీటరు నుంచి మొదలవుతుంది, సిరంజిలో అది చాలా చిన్న కొలత. షెల్టీ మిక్స్‌ను ‘పామ్ క్రాస్’ అని రాయిస్తే డాక్టరుకు అనుమానం రాదు. పొడుగు మూతి, మెడ చుట్టూ తెల్ల పట్టీ, సగం వంగిన చెవికొసలు కనిపిస్తే కోలీ రక్తం ఉండొచ్చని మీరే చెప్పాలి.

అలాగే ముధోల్, చిప్పిపారై లాంటి సన్నటి కుక్కలు. గ్రేహౌండ్ వర్గపు కుక్కలకు కొవ్వు తక్కువ. థయోపెంటాల్ లాంటి పాత మత్తుమందు ఇస్తే తెలివి రావడానికి చాలా సేపు పడుతుంది. ‘నాటు కుక్క’ అని ఒక్క మాట రాయించి ఆపరేషన్‌కు ఇచ్చేస్తే ఆ సమాచారం పోతుంది. వీటికి చివరి రెండు మూడు పక్కటెముకలు కనిపించడం సహజం. చూసినవాళ్ళంతా ‘తిండి పెట్టట్లేదా’ అంటున్నారని లావెక్కించడం అనవసరం.

కాగితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

టీకా కార్డు మీద రాసిన జాతి సాక్ష్యం కాదు. యజమాని చెప్పినదే డాక్టరు అక్కడ రాస్తారు. మున్సిపల్ లైసెన్సులోకి ఎక్కేదీ ఎక్కువగా ఆ మాటే. 1896లో మొదలై ఇప్పుడు చెన్నై కేంద్రంగా నడిచే కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పెడిగ్రీ పత్రమే వంశానికి కాగితం. కొనేటప్పుడు పని క్రమం ఇలా ఉండాలి: ముందు తల్లిదండ్రుల రిజిస్ట్రేషన్ నంబర్లు అడిగి రాసుకోవాలి, తర్వాత పిల్ల మెడ దగ్గర మైక్రోచిప్‌ను స్కానర్‌తో చదివించి, 15 అంకెల నంబరు పత్రంలోని నంబరుతో ఒక్కొక్క అంకె సరిచూడాలి, చివరగా యాజమాన్య బదిలీ ఫారంలో అమ్మేవారి సంతకం తీసుకోవాలి. ‘పేపర్లు వారంలో పంపిస్తాం’ అన్న మాటకు పూర్తి ధర ఇస్తే ఆ వారం చాలా పొడుగవుతుంది. ‘ఇంపోర్ట్ లైన్’ (దిగుమతి కుక్కల వంశం) అన్నప్పుడు ఏ తరంలో, ఏ కుక్క దిగుమతి అయిందో పత్రంలో చూపించమనాలి. వ్యాపారం కోసం కుక్కల దిగుమతిని ఆపుతూ కేంద్రం 2016 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది.

వంశం తెలియని కుక్కకు జాతి గడిలో అందమైన పేరు వెతకడం మానేసి, ‘మిక్స్’ అని రాసి, పక్కన పూర్తిగా ఎదిగాక బరువు, భుజం దగ్గర ఎత్తు, మూతి పొడుగు, పక్క నుంచి తీసిన ఫొటో పెట్టుకుంటే డాక్టరుకైనా, విమాన సంస్థకైనా, అధికారికైనా అవే పనికొస్తాయి. డీఎన్‌ఏ పరీక్ష చేయించేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ కంపెనీలు తమ దగ్గరున్న నమూనాలతోనే పోలుస్తాయి. మన జాతుల నమూనాలు వాటి దగ్గర తక్కువ కాబట్టి, మంచి వంశపు ముధోల్ కూడా రిపోర్టులో ‘విలేజ్ డాగ్’ (ఊరకుక్క)గా రావచ్చు.